బొటనవేలి తాళం

ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా, పెళ్ళి వీడియో రేటును నాలాగా నేలకు దించిన మొనగాడు ఇంకొకడు లేడు. 2023 వేసవి. ఉదయగిరి బజారులో ఒక వీడియో స్టూడియో. కూలర్‌కు ఎదురుగా కుర్చీ వేయించుకుని, ఆ స్టూడియో వాడి ఖర్చుతోనే రెండు టీలు తాగి, వాడి ప్యాకేజీలో ఒక్కొక్క ఐటమూ వేలితో చూపిస్తూ కొట్టేయించాను. గుమ్మం దాకా నడిచి, వెనక్కి తిరిగి, ఇంకొంచెం తగ్గించడం గాజుల కొట్టువాడి కొడుక్కి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. ఆడపెళ్ళివారికి నాలుగు వేలు మిగిల్చాను. ఆ సంగతి నెల రోజులు కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకు తిరిగాను.

అంత చెత్త బేరం నా జన్మలో మరొకటి చేయలేదు. అదెలాగో తెలియాలంటే ముందు నా పనేమిటో చెప్పాలి.

నేను డ్యాన్స్ మాస్టర్‌ని. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు మీద నా క్లాసు. మా నాయన ఉదయగిరిలో గాజులు, రిబ్బన్లు, ఆ ఊరి చెక్క స్పూన్లు అమ్మేవాడు. కొడుకు గంతులు అమ్ముకుంటున్నాడని చివరిదాకా ఆయనకు దిగులే. "తూచి ఇచ్చే సరుకు గాదు, కొలిచి ఇచ్చే సరుకు గాదు, నచ్చలేదని వాపసు తెస్తే ఏందిరా తీసుకుంటావు?" అనేవాడు. ఒకప్పుడు స్కూళ్ళ వార్షికోత్సవాలతో బతికాను. ఇప్పుడు గిరాకీ అంతా రిసెప్షన్లదే. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ చేతులు పట్టుకుని స్టేజీ మీద ఒక పాటకు అడుగులు వేయాలి. దాన్ని మేం కపుల్ డ్యాన్స్ అంటాం.

వచ్చినవాళ్ళంతా స్టెప్పులు నేర్పమంటారు. స్టెప్పులదేముంది, మా ఎరువుల కొట్టు గుమాస్తా కూడా కింద నుంచి చూసి నేర్చేసుకున్నాడు. ఇద్దరు మనుషులు ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా పాటతో కలిసి నడవడం, అదీ అసలు పని. పాటను మేం ఎనిమిదేసి దెబ్బలుగా లెక్కపెడతాం, అది కౌంట్. ఆ ఎనిమిదిలో మొదటి దెబ్బ వన్. వన్ ఎక్కడుందో తెలిస్తే మిగతా ఏడూ దానంతట అవే వస్తాయి. అందరూ చేసే తప్పు ఏమిటంటే పాడేవాళ్ళ మాటల మీద అడుగు వేయడం. పాడేవాళ్ళు మాటను సాగదీస్తారు, మింగుతారు, ఊపిరి కోసం ఆగుతారు. వాళ్ళను నమ్మి అడుగేస్తే గోతిలో పడతాం. అడుక్కి మోగుతుండే దెబ్బ మాత్రం ఎవరి కోసమూ ఆగదు. దాని మీద వేయాలి.

ఒకవేళ తప్పామా, పరిగెత్తి పట్టుకోకూడదు. నా దగ్గరికి వచ్చే ప్రతి జంటనూ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి బస్టాండు చూపిస్తాను. పోయే బస్సు వెనక పడి పరిగెత్తేవాడి అవతారం చూడండి, చెప్పు ఒకచోట, సంచి ఒకచోట. తప్పితే ఉన్నచోటే నిలబడి, చెయ్యి వదలకుండా ఇద్దరూ ఊగండి. తర్వాతి వన్ వస్తుంది, అప్పుడు ఎక్కండి. చూసేవాళ్ళు అదీ డ్యాన్సే అనుకుంటారు.

ఆ వేసవిలో నా దగ్గరికి కెజియా, సుధాకర్ వచ్చారు. కెజియా ఆత్మకూరులో ల్యాబ్ టెక్నీషియన్. వాళ్ళ నాన్న శామ్యూల్ మాస్టారు, కొండాపురం వైపు బడిలో పనిచేసి రిటైరైనవారు. సుధాకర్‌కు దుత్తలూరులో షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. చిన్నప్పుడు జ్వరం తగిలి అతనికి వినికిడి చాలావరకు పోయింది. చెవి మెషిన్ పెట్టుకుంటే ఎదురుగా మాట్లాడే ఒక్క మనిషి మాట అందుతుంది. మిగతాది పెదాలు చూసి పట్టుకుంటాడు. పెద్ద సౌండ్‌లో ఆ మెషిన్ ఉంటే చెవిలో కంకర పోసినట్టుంటుందట.

కష్టమైన కేసు కదా, రేటు పెంచుదామని నోరు తెరిచాను. సుధాకర్ నా పెదాలనే చూస్తున్నాడు. అంకె పూర్తిగా బయటికి రాకముందే "ఎక్కువ" అన్నాడు. బేరంలో నన్ను అంత తొందరగా పడేసినవాడు అంతకుముందు లేడు.

ఈ డ్యాన్స్ ఎందుకో కెజియా చెప్పింది. జలదంకిలో ఉండే వాళ్ళ పెద్దమ్మ రూతమ్మ నిశ్చితార్థంలో పదిమందిలో అందట, బంగారం లాంటి పిల్ల చెవిటోడితో సైగల కాపురం చేయబోతోందని. ఆ మాట నచ్చి బంధువులు దాన్ని అప్పటినుంచీ చేతులు మారుస్తూనే ఉన్నారు. సైగల కాపురం అని ఎవరో పెళ్ళిపత్రిక చేతికి తీసుకుంటూ కూడా అన్నారట. పెళ్ళి పొద్దున చర్చిలో, రిసెప్షన్ సాయంత్రం ఉదయగిరి కళ్యాణమండపంలో. రిసెప్షన్‌లో డ్యాన్స్ అంటే చర్చి పెద్దలు ఏమంటారోనని శామ్యూల్ మాస్టారికి గుబులు. కెజియా ఆయన్ని ఒప్పించి వచ్చింది.

"నాకు మెప్పు వద్దన్నా," అంది. "ఒక్క పాట. అందరి ముందరా ఈయన అడుగు తప్పకుండా వేస్తే చాలు. మళ్ళా ఆ మాట ఎవురూ ఎత్తకూడదు."

మొదటిరోజు మా నాయన కొట్టులోవి రెండు చెక్క స్పూన్లు తీసి బల్ల మీద కౌంట్ కొట్టాను. సుధాకర్ అరచెయ్యి బల్లమీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి వేళ్ళతో నాతోపాటే కొట్టసాగాడు. "బేరింగ్ పోయిన మోటారు అదురు చేత్తోనే తెలుస్తాది మాస్టర్. ఇదేముండాది," అన్నాడు. అయితే పేచీ ఎక్కడొచ్చిందంటే, బల్లను చంకలో పెట్టుకుని డ్యాన్స్ చేయలేం. మండపం స్టేజీ సిమెంటుది. పెద్ద స్పీకర్ పక్కనే నిలబెట్టినా దాని అదురు అరికాలికి రాదు.

అప్పటిదాకా నాకు ఒక చాదస్తం ఉండేది. జంట డ్యాన్స్‌లో నడిపించడాన్ని లీడ్ అంటాం. లీడ్ మగవాడిదే అని నాకు నేర్పారు, నేనూ అదే అమ్ముకుంటూ వచ్చాను. ఆ రోజు పక్కన ఊరికే నిలబడ్డ కెజియా అతని చెయ్యి పట్టుకుని, నేను కొట్టే ప్రతి వన్‌కూ బొటనవేలితో అతని చేతివెనక నొక్కింది. సుధాకర్ అడుగు దెబ్బమీద పడింది. నా చాదస్తాన్ని అక్కడే సగానికి బేరం చేసి కొత్త రూలు చెప్పాను: దారి నీది, తాళం ఆమెది. ఎటు తిరగాలో అతను చూపిస్తాడు, ఎప్పుడు తిరగాలో ఆమె నొక్కుతుంది. వారం తిరిగేసరికి నేను స్పూన్లు పక్కన పెట్టేశాను. మామూలు చెవులున్న జంటలు నెలకు కూడా అందుకోని పొందిక వాళ్ళకు వచ్చింది. వాళ్ళకు పాడేవాళ్ళ మాటల మీద భ్రమ లేదు కదా.

ఈ మధ్యలోనే శామ్యూల్ మాస్టారు వీడియో బేరానికి నన్ను తోడు రమ్మన్నారు. ఆయన బడి మాస్టారు, నేను గంతుల మాస్టర్‌ని. ధర తగ్గించడంలో మాత్రం ఆయన ఒకటో తరగతి పిల్లాడు. స్టూడియో శీనయ్య నాకు తెలిసినవాడే. వాడి ప్యాకేజీలో లైవ్ సౌండ్ అని ఒక ఐటం ఉంది. ఏందిరా అది అని అడిగాను. మైక్‌సెట్ వాళ్ళ మిక్సర్ నుంచి కెమెరాకు వైరు లాగి, హాల్లో మోగే పాటను మోగినట్టే రికార్డు చేయడమట. పాట నా ఫోన్లోనే ఉండగా మళ్ళీ వైరుకు డబ్బులేమిటని దాన్ని కొట్టేయించాను. శీనయ్య పెద్దగా పెనుగులాడలేదు. బేరంలో అవతలివాడు పెనుగులాడలేదంటే నీకేదో అర్థం కాలేదని మా నాయన చెప్పేవాడు. ఆ రోజు గుర్తు రాలేదు.

రిసెప్షన్ రోజు సుధాకర్ స్టేజీ ఎక్కగానే చెవి మెషిన్ తీసి కోటు జేబులో వేసుకున్నాడు. ముందు వరసలో రూతమ్మ. పాట మొదలైంది. నెమ్మది పాట, ఆగి ఆగి నడిచేది. నేను మెట్ల పక్కన నిలబడి కౌంట్ పెదాలతో చెప్పుకుంటున్నాను. ఒక్క అడుగు తప్పలేదు. సరిగ్గా సగంలో శీనయ్య కెమెరా పట్టుకుని ఇద్దరి మధ్యకు దూరినంత పనిచేశాడు, చేతుల క్లోజప్ కావాలని. సుధాకర్ అడుగు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగాడు. నా గుండె ఎరువుల కొట్టు దాకా జారింది. వాళ్ళు మాత్రం కంగారు పడలేదు. చెయ్యి వదలకుండా ఉన్నచోటే ఊగారు. శీనయ్య కెమెరా ఆపకుండానే వెనక్కి తప్పుకున్నాడు, వాళ్ళింకా ఊగుతున్నారు. వన్ వచ్చింది, బొటనవేలు నొక్కింది, ఇద్దరూ ఒకేసారి ఎక్కారు. ఇరవై ఏళ్ళ నా పనిలో అంత అందమైన అడుగు నా చేతిమీదుగా ఇంకొకటి పడలేదు.

పాట అయ్యాక హాలంతా చప్పట్లు. సుధాకర్ వాటిని చూశాడు. రూతమ్మ స్టేజీ ఎక్కి కెజియాను కౌగిలించుకుని కళ్ళు తుడుచుకుంది. చర్చి పెద్ద ఒకాయన శామ్యూల్ మాస్టారి భుజం తట్టి భోజనానికి తీసుకెళ్ళారు. ఆ మాట ఇక చచ్చిందనుకున్నాం.

రెండు వారాలకు శీనయ్య వీడియో ఇచ్చాడు. అందులోంచి డ్యాన్స్ ముక్కను ఎవరో బంధువుల గ్రూపులో పెట్టారు. అక్కడినుంచి అది ఎక్కడెక్కడికో పోయింది. కెజియా ఫోన్ చేసింది. గొంతులో ఏడుపు లేదు, అంతకంటే పాడుగా ఉంది. "పాట మార్చేసినారన్నా," అంది.

చూశాను. మా నెమ్మది పాట లేదు. దాని చోట ఎవడి పాటో, డోలక్ టపటపలాడే పాట, పరుగెత్తుతోంది. దాని మీద మావాళ్ళిద్దరూ పాపం నీళ్ళలో నడుస్తున్నట్టు నడుస్తున్నారు. దెబ్బ ఒకచోట, అడుగు ఒకచోట. మధ్యలో వాళ్ళు నిలబడి ఊగిన చోటు ఉందే, నేను ఇందాక చెప్పానే అంత అందమైనదని, అక్కడ డోలక్ దంచుతుంటే సుధాకర్ దిక్కు తోచక ఆగిపోయినట్టు కనపడుతోంది. దాన్ని ఎవడో విడిగా కత్తిరించి, నవ్వే బొమ్మలు అంటించి, "సైగల డ్యాన్స్" అని పేరు పెట్టాడు.

నాకు ఇప్పటికీ కడుపు రగిలేది ఆ తెలియని వెధవ మీద కాదు. హాల్లో ఉన్నవాళ్ళ మీద. వీళ్ళు అక్కడ కూర్చున్నారు. సొంత కళ్ళతో చూశారు, సొంత చెవులతో విన్నారు, చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టారు. ఫోన్లో ఇంకో పాట వినపడగానే ఆ కళ్ళనూ చెవులనూ పక్కన పెట్టి ఫోన్‌ను నమ్మారు. పాట మార్చారు అని కెజియా ఒక్కొక్కరికీ చెప్పింది. పాట ఏదైతే ఏంది, అడుగు తప్పింది గదా అన్నారట. రూతమ్మైతే ఆ రోజే తనకు తేడాగా అనిపించిందనీ, పిల్ల బాధపడుతుందని నోరు మూసుకున్నాననీ చెప్పుకుంది. కౌగిలించుకున్న చేతులు అవే. చెవులు వినపడేవాళ్ళు వీళ్ళు.

ఉదయగిరి బస్సెక్కాను. దారంతా శీనయ్యను తిట్టాల్సిన తిట్లు వరసపెట్టుకున్నాను. పోయి అన్నీ తిట్టాను. వాడు అంతా విని, కూలర్ నా వైపు తిప్పి, అసలు పాట పెడితే, ఎక్కించేటప్పుడు కాపీరైట్ అని వీడియోల యాప్ సౌండ్ కోసేస్తుందనీ, అందుకని ఊరికే దొరికే పాట వేశాననీ చెప్పాడు.

"అడుగులు దెబ్బ మీద పడతుండాయా లేదా చూసుకోవద్దా రా? నువ్వు రోజూ పాటలు కత్తిరించేవోడివి గదా."

"పెండ్లి వీడియోలో పాట బ్యాక్‌గ్రౌండే గదన్నా. ఎవురు చూస్తారు?"

"హాల్లో మోగిన పాటే పెట్టు మరి."

"ఏడుండాది? కెమెరా మైకులో ఫ్యాన్ల గోల తప్ప ఏం పడలా, పీకేసినా. లైవ్ సౌండ్ నువ్వే గదన్నా కొట్టేయించింది. ఆ కుర్చీలోనే కూసోని."

ఆ కుర్చీలోనే ఉన్నాను. లేచి నిలబడ్డాను. వరసపెట్టుకున్న తిట్లలో ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి గానీ, అవి ఎవరికి చెందుతాయో తేలలేదు.

అక్కడినుంచి దుత్తలూరు. షాపులో సుధాకర్ విప్పిన మోటారు ముందు కూర్చుని ఉన్నాడు. జనం నవ్వుతున్న సంగతి కెజియా అతనికి ఇంకా పూర్తిగా చెప్పలేదు. ముఖాలు చూసి అతనే పసిగట్టాడు. ఫోన్ నాకు చూపించి, నా పెదాలకేసి చూస్తూ అడిగాడు.

"నాలుగుసార్లు చూసినా మాస్టర్. బాగానే వేసినాం గదా. ఎందుకు నవ్వుతుండారు?"

అతను చూసిన వీడియోలో ఏ పాటా లేదు. రెండు జతల కాళ్ళు, పట్టుకున్న రెండు చేతులు, అంతే. ఆ ఊళ్ళన్నిటిలో ఆ డ్యాన్స్‌ను ఉన్నది ఉన్నట్టు చూసినవాడు ఇతనొక్కడే. పాట మార్చిన సంగతి నెమ్మదిగా చెప్పాను. లైవ్ సౌండ్ సంగతి కూడా చెప్పాను. బేరం చేసింది నేనేనని. అతను నవ్వాడు. "నాకైతే ఎక్కువ చెప్పినావు, వాడికి తక్కువ చెప్పినావు. రెండు తట్లా దెబ్బే," అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, కెజియా రాత్రిళ్ళు నిద్రపోవడం లేదనీ, ఎందుకో ఇప్పుడు తెలిసిందనీ అన్నాడు. షాపు మూశాడు.

మర్నాడు కెజియాతో కలిసి ముగ్గురం శీనయ్య ముందు కూర్చున్నాం. వీడియో ఉంది, శబ్దం లేదు. పాట నా ఫోన్లో ఉంది. పాటలో ఏ దెబ్బ వీడియోలో ఏ చోటికి అంటించాలో తెలియాలి. దాన్ని సింక్ అంటారు. పెదాలు కదిలే వీడియో అయితే పెదాలకు కలుపుతారట. ఇక్కడ పాడేవాళ్ళు లేరు. శీనయ్య అటూ ఇటూ జరిపి, సుమారుగా ఇదేనన్నాడు. సుమారు అనే మాట వినగానే కెజియా లేవబోయింది.

సుధాకర్ తెర దగ్గరికి జరిగి, శీనయ్య తమ మధ్యకు దూరి తీసిన ఆ క్లోజప్ పెట్టమన్నాడు. తెరనిండా రెండు చేతులు. ఆగి ఆగి కెజియా బొటనవేలు నొక్కుతోంది, గోరు తెల్లబడుతోంది. సుధాకర్ తెరమీద వేలు పెట్టాడు.

"ఇదీ వన్," అన్నాడు. "ఇది ఇంకోటి. ఇక్కడ కట్టెయ్ నీ పాటని."

కట్టాడు. మొదటి నుంచి వేశాడు. ప్రతి అడుగూ దెబ్బమీద పడింది. ఊగిన చోట పాట కూడా వాళ్ళ కోసం ఆగి ఊగినట్టుంది. శీనయ్య కూలర్ కట్టేసి మళ్ళీ మొదటి నుంచి వేశాడు, చప్పుడు లేకుండా వినాలని. కెజియా తెరకేసి చూడలేదు. సుధాకర్ చేతివెనక తను నొక్కే చోటు ఉంటుందే, అక్కడ నిమురుతూ కూర్చుంది.

దీనికి ఎంత అని శీనయ్యను అడిగాను. మొహమాటపడుతూనే ఒక అంకె చెప్పాడు. వాడు తప్పు చేశాడు, నేను అడిగితే సగానికి దిగేవాడు. అడగలేదు.

ఇక్కడితో కథ సుఖంగా అయిపోవాలి కదా. కాలేదు. కాపీరైట్ గొడవ ఉండనే ఉంది గనక దాన్ని యాప్‌లో పెట్టలేదు, ఫైలుగా బంధువులకు పంపాం. మొదటిది చూసి నవ్వినవాళ్ళలో చాలామంది దీన్ని తెరవనేలేదు. నవ్వు ఉన్నదాన్ని నాలుగు ఊళ్ళకు పంపే చేతులకు నిజం పంపడానికి బరువెక్కువ. రూతమ్మ తెరిచింది. చివరిదాకా చూసిందట. చూసి, "ఇదేదో ఎడిటింగ్ చేసినట్టుండాది" అందట.

శామ్యూల్ మాస్టారు మాత్రం ఒక పని చేశారు. ఇంటికి ఎవరు వచ్చినా కాఫీ కంటే ముందు టీవీలో ఆ వీడియో పెడుతున్నారు. ఒకప్పుడు చర్చి పెద్దలు ఏమంటారోనని గుబులుపడ్డ మనిషి, పోయిన క్రిస్మస్‌కు చర్చి పెద్దలందర్నీ కూర్చోబెట్టి చూపించారట. ఆయన ఇంటికి పోయి సైగల కాపురం అనే ధైర్యం ఇప్పుడు ఎవరికీ లేదు. ఆయన ఇంటి బయట ఏమంటారో నాకు తెలియదు.

ఈ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. జంట ఎవరైనా సరే, చివరి వారంలో ఒకరోజు పాట ఆపేసి వేయిస్తాను. పాట లేకుండా కలిసి నడవలేనివాళ్ళు పాటతోనూ నడవలేరని తెలిసింది కాబట్టి. రెండోది, అడ్వాన్సు తీసుకునేముందే వీడియోలో లైవ్ సౌండ్ ఉందా అని అడుగుతాను. లేదంటే, ఉన్న ప్యాకేజీని తగ్గించమని కాకుండా పెంచమని నేనే స్టూడియోకు వెళ్ళి బేరం చేస్తాను. మా నాయన వింటే ఉప్పు తిప్పి దిష్టి తీసేవాడు.

ఇక బిల్లు. పెళ్ళివారికి నేను మిగిల్చింది నాలుగు వేలు. సింక్‌కు నా జేబులోంచి శీనయ్యకు పోయింది మూడున్నర వేలు. "సైగల డ్యాన్స్" చూసి నా దగ్గర రద్దు చేసుకున్న రిసెప్షన్లు మూడు. వాటి అడ్వాన్సులు వాపసు ఇచ్చాను. కెజియాకు పోయిన నిద్రకు రేటు నాకు తెలియదు, అందుకని ఆ గడి ఖాళీగా ఉంచాను. రాబడి కింద రాయడానికి ఒక్క బొటనవేలు ఉంది, అది నాది కాదు. ఎదుటివాడు చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చింది నా జీవితంలో ఆ సింక్‌కు ఒక్కసారే. ఎలా కలిపి చూసినా నష్టమే.